హోల్డాన్ కంపెనీ

సామాను సగం బండి మీదికి ఎక్కింది. మిగతా సగం వాకిట్లోనే ఉంది. ఈ రెండు సగాలకీ మధ్య ఎస్తేరు రోటి మీద కూర్చుని ఉంది.

"లెగవే," అన్నాడు ఇశ్రాయేలు. "రోలు కూడా ఎక్కించాల."

"ఎక్కించు. నన్ను కూడా కలిపి ఎక్కించు. నా కాళ్ళతో నేను మాత్రం ఈ వాకిలి దాటను."

ఇశ్రాయేలు బండి జక్కయ్య వంక చూశాడు. జక్కయ్య ఎద్దుల వంక చూశాడు. రోటి బరువెంతో జక్కయ్యకు తెలుసు. ఎస్తేరు బరువెంతో నరసరావుపేట స్టేషను రోడ్డు మొత్తానికీ తెలుసు. రెండూ కలిపి ఎత్తే మగవాడు ఆ వాకిట్లో లేడు.

"మాచర్ల రైలు పన్నెండున్నరకి. అది తప్పిందంటే మళ్ళా రేపే."

"రేపూ ఇదే రోలు. ఇదే నేను."

నాపరాళ్ళ గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో ఏమిటి, గుల్జార్ బేగమే. గోడ అంటే పెద్ద గోడేం కాదు. మాచర్ల నాపరాళ్ళు నిలువుగా వరసన పాతారు, అంతే. రాయికీ రాయికీ మధ్య బెత్తెడు సందు. నాలుగేళ్ళ కిందట అవి పాతకముందు అక్కడ ఒకటే వాకిలి, ఒకటే షెడ్డు ఉండేవి.

ఇశ్రాయేలు, పీర్ సాహెబ్ ఇద్దరూ గుంటూరులో ఒకే మేస్త్రీ దగ్గర రెంచి పట్టడం నేర్చుకున్నవాళ్ళు. ఇద్దరూ ఒకే రోజున నరసరావుపేట వచ్చి ఒకే రేకుల కింద పని మొదలుపెట్టారు. పన్నెండేళ్ళు కలిసి చేశారు. తరువాత ఒకనాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర పీర్ సాహెబ్ ఆస్టిన్ కారు ఇంజన్ని మించిన ఇంజను భూమ్మీద లేదన్నాడు. ఇశ్రాయేలు మారిస్ సంగతి ఏమిటన్నాడు. ఆ మాటకు ఈ మాట, ఈ మాటకు ఆ మాట పెరిగి, సాయంత్రానికల్లా నాపరాళ్ళు దిగాయి. ఒక షెడ్డు మీద ఆస్టిన్ బోర్డు, ఇంకో షెడ్డు మీద మారిస్ బోర్డు లేచాయి. ఇంత రభస చేసిన ఈ ఇద్దరికీ సొంతానికి ఉన్నవి మాత్రం చెరో సైకిలు.

పోయిన వారం గుంటూరు బస్సు డ్రైవరు మోసుకొచ్చిన కబురు ఆ సైకిళ్ళ స్వాముల కొంప ముంచింది. ఇంగ్లండులో ఆస్టినూ మారిసూ కలిసిపోయాయట. కలిసిపోవడం అంటే మరేమీ కాదు, ఆస్టినోడు మారిసోణ్ణి కొనేశాడని డ్రైవరు తన సొంత తెలివి కొంత కలిపాడు. పీర్ సాహెబ్ తన బోర్డుకు బంతిపూల దండ వేసి, ఎదురుగా పుల్లమ్మ కాఫీ హోటల్లో అందరికీ బూందీ పంచాడు. అదే హోటల్లో, అందరూ వింటూ ఉండగా, ఇశ్రాయేలు ఒట్టు పెట్టుకున్నాడు. కొన్నవాడి గోడ పక్కన ఒక్క వారం కూడా బతకనన్నాడు.

ఇవాళ్టికి వారం.

"బూందీ పంచితే ఊరొదిలి పోతారంట్రా ఎవరైనా?" అన్నాడు పీర్ సాహెబ్. రాళ్ళ మీది నుంచి అతని టోపీ, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"నీ బూందీ నేను తిన్లా!"

"మీ ఆడమనిషి తినింది."

"తిన్నా," అంది ఎస్తేరు. "బాగుంది. యాలక్కాయలు ఇంకో రెండు పడాల్సింది."

ఇశ్రాయేలు ముఖం కందగడ్డ అయింది. "మాచర్లలో నాపరాళ్ళ లారీ ఉంది. డ్రైవరు పని ఇస్తానన్నారు. ఈడ నీ కింద చెయ్యి కట్టుకుని నిలబడే ఖర్మ నాకేంది?"

"నా కింద నిలబడమని ఎవరన్నారు?"

"నిలబడొద్దని మటుకు ఎవరన్నారు?"

"పొమ్మని నేనన్నానా?"

"ఉండమని అన్నావా?"

పీర్ సాహెబ్ నోరు తెరిచాడు. ఉండమనడానికే తెరిచాడని గుల్జార్ బేగం తరువాత చానాసార్లు చెప్పింది. కానీ ఆ మాట బయటికి రాలేదు. టోపీ రాళ్ళ వెనక్కి దిగిపోయింది.

ఎద్దు ఒకటి తల విదిలిస్తే మెళ్ళో గంట మోగింది. ఎస్తేరు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆమె మొండికెయ్యడం రోటి కోసం కాదు, ఇంటి కోసమూ కాదు. ఇల్లు మాచర్లలోనూ దొరుకుతుంది. పదహారేళ్ళ కిందట మూడేళ్ళ కూతురు సుందరిని చంకనేసుకుని ఈ ఊళ్ళో దిగిన రోజున, పొయ్యి రాజుకోక పొగలో ఏడుస్తూ కూర్చుంటే, లోపలికొచ్చి ఊదుగొట్టం చేతిలోంచి లాక్కుని మంట చేసి పెట్టిన మనిషి గుల్జార్. ఆనాటి నుంచీ అక్క అంటే అక్కే. గుల్జార్ లేని ఊళ్ళో పొద్దెట్టా గూకుతుందో ఎస్తేరుకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మొగుడితో ఈ మాట చెబితే నవ్వుతాడు. అందుకని ఆమె రోటి మీద కూర్చుంది.

అప్పుడొచ్చాడు పోస్టుమాను. రెండు కవర్లు తెచ్చాడు. రెండూ గుంటూరు కార్ల ఏజన్సీ నుంచే. ఒకటి ఇశ్రాయేలు మేస్త్రీ పేర, ఒకటి పీర్ సాహెబ్ మేస్త్రీ పేర. రెండూ ఇంగ్లీషులోనే.

ఇశ్రాయేలు తన కవరు తిప్పి తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. చించితే ఆస్టినోడు కొన్నాడన్న మాట అచ్చులో చూడాల్సి వస్తుందని భయం.

అవతల పీర్ సాహెబ్ తన కవరు చించాడు. చించాడు గాని చదివేదెట్టా? ఆ రోడ్డులో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ప్లీడరు గారూ, సుందరీ. ప్లీడరు గారు కోర్టులో ఉన్నారు. మిషను బడిలో టీచరుగా చేరి ఏడాదైనా కాని సుందరి మాత్రం ఇక్కడే, తండ్రి కట్టించిన బండి మీద, తన పుస్తకాల పెట్టె మీద మూతి ముడుచుకుని కూర్చుని ఉంది. ఉద్యోగం పోతుందని రాత్రంతా ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

టోపీ మళ్ళీ పైకి లేచింది. "బిడ్డా సుందరీ, ఈ కాయితం ఏందో కాస్త చూసి చెప్పమ్మా."

"నా కూతురు నీ కాయితం చదవదు," అన్నాడు ఇశ్రాయేలు.

"అయితే నీది చదవమను. నేనిట్టా నిలబడతా."

"నిలబడమాక."

"నా వాకిట్లో నేను నిలబడటానికి నీ పర్మిషనేందిరా?"

సుందరి బండి దిగింది. గోడ దగ్గరికెళ్ళి పీర్ సాహెబ్ చేతిలో కాగితం తీసుకుంది. వచ్చి తండ్రి జేబులో కవరు లాగి చించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండూ ఒకటే నాన్నా. పైన పేర్లే వేరు."

"ఏం రాశారు?" ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి అడిగారు.

"ఆస్టిన్ కంపెనీ, మారిస్ కంపెనీ ఇంగ్లండులో ఏకమైన సంగతి మీకు తెలిసే ఉంటుందని రాశారు. ఇక మీదట ఆ రెండు కంపెనీలూ ఒక హోల్డింగ్ కంపెనీ కింద..."

"ఏందీ?"

"హోల్డింగ్ కంపెనీ."

వాకిలి మొత్తం బిగుసుకుపోయింది. ఎందుకో చెప్పాలి. స్టేషను రోడ్డులో మోటార్ల మనుషులకు వచ్చిన ఇంగ్లీషు అంతా క్లీనర్ల దగ్గర నేర్చిందే. బస్సు పక్కరేకు మీద ఒక దెబ్బ కొట్టి "రైట్" అంటే పొమ్మని. రెండు దెబ్బలు కొట్టి "హోల్డాన్" అంటే ఆపమని. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకు ఇంకో అర్థం ఎవరూ వినలేదు.

జక్కయ్య అలవాటు కొద్దీ పగ్గాలు లాగాడు. నిలబడే ఉన్న ఎద్దులు ఇంకేం చెయ్యాలో తెలియక రెండడుగులు వెనక్కి వేశాయి.

"హోల్డానా?" అన్నాడు పీర్ సాహెబ్. "ఆపేశారా? ఆస్టిన్ ఆపేశారా?"

"రెండూ అంటందిగా పిల్ల," అన్నాడు ఇశ్రాయేలు. "రెండూ హోల్డానే."

"యా అల్లా!"

పీర్ సాహెబ్ గోడ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. నాలుగేళ్ళలో ఆయన ఈ వాకిట్లో కాలు పెట్టడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు, ఇశ్రాయేలుకూ గుర్తు రాలేదు. ఇద్దరూ వాకిట్లో ఉన్న ట్రంకు పెట్టె మీద పక్కపక్కనే కూలబడ్డారు.

"నా ఆస్టిన్ పోతే పోయింది," అన్నాడు పీర్ సాహెబ్ కాసేపటికి. "నీ మారిస్ ఏం పాపం చేసిందిరా? ఇప్పుడు చెప్తన్నా విను. మన డాక్టరు గారి మారిస్ కోటప్పకొండ తిరణాలకి ఆరుగురిని ఎక్కించుకుని పోతంటే, వెనక సైకిలు మీద నేను వింటా పోయా. ఎంత సన్నగా నడిచింది ఇంజను! కుట్టు మిషను లాగా. ఆ రోజే అనుకున్నా, నీకు చెప్పకూడదని."

ఇశ్రాయేలు కళ్ళు తడి అయ్యాయి. "నేనూ ఒకటి దాచా భాయ్. స్టార్టింగ్ అంటే ఆస్టినే. మంచు కాలంలో జిన్నింగు మిల్లు వాళ్ళ ఆస్టిన్ ఒక్క హ్యాండిల్‌కి అంటుకుంటది. నా మారిస్ ముందర నేను నాలుగు సార్లు దణ్ణాలు పెట్టుకోవాల."

"నాలుగేం, రెండే."

"నాలుగు. నువ్వు అవతల్నించి లెక్కపెట్టేవాడివి గదా, నాకు తెలుసు."

"ఆరు," అని ఒప్పుకున్నాడు పీర్ సాహెబ్, ఇశ్రాయేలు భుజం మీద చెయ్యి వేస్తూ.

సుందరి నోరు తెరవబోయింది. ఎస్తేరు రోటి మీంచే కూతురి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"నిజంగా ఆపేశారా?" గుసగుసగా అడిగింది.

"లేదమ్మా! హోల్డింగ్ అంటే పట్టుకోవడం. రెండు కంపెనీలూ ఎప్పటిలాగే ఉంటాయి. ఎవరి పేరు వాళ్ళదే, ఎవరి కారు వాళ్ళదే. పైన కొత్తగా ఒక కంపెనీ పెట్టారు. అది రెంటినీ చేతిలో పట్టుకుంటుంది. అంతే."

"అయితే ఆస్టినోడు మారిసోణ్ణి కొన్లా?"

"ఎవరూ ఎవరినీ కొనలేదు. నేను చెప్పేస్తా..."

"చెప్పమాక. కాసేపు ఏడవనీ. నాలుగేళ్ళ నించీ బాకీ పడ్డ ఏడుపు."

ఎస్తేరు రోటి మీంచి లేచింది. మొగుడు చూడటం లేదు గనక ధైర్యంగానే లేచింది. గోడ దగ్గరికెళ్ళి సందులో నోరు పెట్టి అక్కకు సంగతంతా చెప్పింది.

"పైన ఒకటుండి, ఆ రెంటినీ పట్టుకునేదా?" అంది గుల్జార్ బేగం. "అట్టాంటి కంపెనీ మన వాకిట్లో ఎప్పట్నించో ఉందిగదే చెల్లీ!"

ఎస్తేరు పొట్ట పట్టుకుని నవ్వింది. నిజమే మరి. గోడ లేచిన మర్నాడే ఇశ్రాయేలుకు పెద్ద స్పానర్లన్నీ అవతలే ఉండిపోయాయని తెలిసింది. పీర్ సాహెబ్‌కు జాకీ ఇవతల ఉండిపోయింది. అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. "ఏమే, ఆ పదహారో నెంబరు యాడుందో చూడు" అని ఇశ్రాయేలు గాల్లోకి అనేవాడు. ఎస్తేరు సందు దగ్గరికి వెళ్ళేది. స్పానరు వచ్చేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అతను ఎప్పుడూ అడగలేదు. అవతలి వాకిట్లో జాకీ కూడా అట్టాగే పుట్టుకొచ్చేది. నాలుగేళ్ళుగా రెండు షెడ్లూ నడిచింది ఆ బెత్తెడు సందు మీదే.

నవ్వు విని మగవాళ్ళిద్దరూ తలలెత్తారు. ఇల్లు కాలుతుంటే ఆడవాళ్ళు నవ్వుతున్నారేమిటని ఇద్దరికీ ఒకేసారి కోపం వచ్చింది. ఇక దాచడం కుదరక సుందరి హోల్డింగ్ అంటే ఏమిటో విడమరిచి చెప్పింది.

ఇశ్రాయేలు భుజం మీది చెయ్యి పీర్ సాహెబ్ మెల్లగా తీసేశాడు. ఇశ్రాయేలు ట్రంకు పెట్టె మీద ఒక జానెడు పక్కకు జరిగాడు.

"ఆరు సార్లన్నావు," అన్నాడు.

"కుట్టు మిషను కూడా అన్నా," అన్నాడు పీర్ సాహెబ్. "వెనక్కి తీసుకోను."

"నేనూ తీసుకోను," అన్నాడు ఇశ్రాయేలు. తరువాత బండి మీద కట్టిన సామాను వంక చూసి తల గోక్కున్నాడు. ఎవరూ ఎవర్నీ కొననప్పుడు పెట్టిన ఒట్టు ఉన్నట్టా, పోయినట్టా అని ఆలోచిస్తున్నాడని ఎస్తేరుకు అర్థమైంది. ఆమె ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా ఉంది," అంది సుందరి, కాగితం తిప్పి. "ఏజన్సీ మేనేజరు గారు ఇవాళ పదకొండు గంటల బస్సుకి వస్తున్నారట. నరసరావుపేటలో ఇక ఒక పార్టీకే పని ఇస్తారట. రెండు బోర్డులూ ఆ ఒక్క పార్టీకే, రెండు కార్ల స్పేరు పార్టులూ ఆ ఒక్క పార్టీకే. మీలో ఎవరన్నది మీరే తేల్చుకోండి, ఒక్క పేరు, ఒక్క సంతకం అన్నారు. తేల్చుకోకపోతే వినుకొండలో వేరే వాళ్ళకి ఇస్తారట."

"తేల్చేదేముంది," అన్నాడు పీర్ సాహెబ్. "వయసులో పెద్దోణ్ణి నేను."

"మారిస్‌లు నాలుగున్నయ్ ఊళ్ళో. ఆస్టిన్లు మూడే."

"ఆ నాలుగింట్లో రెండు కదలవు."

"ఎందుకు కదలవో తెలుసా? వాటిని చివరిసారి బాగుచేసింది నువ్వు!"

"రెండు కంపెనీలకీ నీ పేరు పెట్టి, నీ కింద నేను స్పేర్లు అడుక్కోవాల్నా?"

"నీ కింద నేను అడుక్కోవాల్నా? జక్కయ్యా, బండి కట్టు!"

"కట్టే ఉందయ్యా పొద్దున్నించీ," అన్నాడు జక్కయ్య విసుగ్గా.

ఎదురుగా పుల్లమ్మ హోటలు ముందు జనం గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. పుల్లమ్మ కూడా గరిటె పట్టుకుని బయటికొచ్చింది. ఇశ్రాయేలు వంగి పరుపు చుట్ట ఎత్తాడు. ఈసారి అతని ముఖం వంక చూసింది ఎస్తేరు. పొద్దున ఉన్నది రోషం. ఇప్పుడున్నది పట్టుదల. రోలు వదిలేసి అయినా సరే పోయేటట్టున్నాడు.

ఆమె రెండంగల్లో బండి దగ్గరికి వెళ్ళింది. అరచేత్తో బండి పక్క చెక్క మీద రెండు దెబ్బలు కొట్టింది.

"హోల్డాన్!"

ఇరవై ఏళ్ళ అలవాటు. ఇశ్రాయేలు చేతిలో పరుపు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. వేలు చూపిస్తూ ముందుకొస్తున్న పీర్ సాహెబ్ ఆ వేలుతోనే నిలబడిపోయాడు. పుల్లమ్మ హోటల్లో ఎవరో విజిలేశారు.

"మీ ఇద్దరిలో ఎవరి పేరైనా రెండోవాడు చస్తాడు," అంది ఎస్తేరు. "అందుకని ఇద్దరి పేర్లూ వద్దు. ఇంగ్లండులో తెల్లోళ్ళు చేసిందే ఈడా చేద్దాం. ఎవరి షెడ్డు వాళ్ళదే. పైన కంపెనీ మాది. నాదీ, మా అక్కదీ."

"ఆడోళ్ళ కిందనా?" అన్నాడు పీర్ సాహెబ్.

"ఇప్పుడు ఎవరి కింద ఉన్నారంట?" అని రాళ్ళ సందులోంచి గుల్జార్ గొంతు వచ్చింది. "ఆ జాకీ నీకు ఆకాశంలోంచి ఊడిపడిందనుకున్నావా?"

పుల్లమ్మ హోటలు ఘొల్లుమంది. పీర్ సాహెబ్ ముందు అటు చూశాడు, తరువాత ఇశ్రాయేలు వంక చూశాడు. ఇశ్రాయేలు పరుపు చుట్ట దించాడు. నవ్వు ఆపుకోవాలని చూశాడు గాని మీసాల కింద నుంచి తప్పించుకుని వచ్చేసింది. దాంతో పీర్ సాహెబ్ కూడా నవ్వాడు. నవ్వితే ఆయన చానా మంచివాడిలా ఉంటాడు.

"సంతకం వాళ్ళది," అన్నాడు ఇశ్రాయేలు. "ఇంజనుల మీద పెత్తనం మాత్రం మనది."

"ఆ. స్పానర్లు అడిగితే ఇస్తారు గదా?"

"మర్యాదగా అడిగితే," అంది గుల్జార్.

పదకొండు దాటాక గుంటూరు మేనేజరు గారు గొడుగేసుకుని దిగారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. బండి మీద సగం సామాను, వాకిట్లో సగం సామాను, రోడ్డవతల ఊళ్ళో సగం జనాన్ని చూసి ఆయన కాసేపు గొడుగు ముడవలేదు.

"పార్టీ ఎవరో తేలిందా?"

"ఆడోళ్ళని అడగండి," అన్నారు మేస్త్రీలిద్దరూ. ఒకే మాట ఇద్దరూ కలిసి అని నాలుగేళ్ళయింది.

కంపెనీ ఆడవాళ్ళ పేరున పెట్టుకుంటే ఏజన్సీకి అభ్యంతరం లేదన్నారు మేనేజరు. ఎవరైనా ఫరవాలేదు, ఒక్కరుండాలి. సంచీలోంచి ఫారం తీసి ట్రంకు పెట్టె మీద పరిచారు. కలం మూత తీశారు. ఒక్కటే గీత, ఒక్కటే సంతకం.

"అక్క పేరు పెట్టండి. అక్క పెద్దది," అంది ఎస్తేరు.

"పిలవండి మరి."

అక్క పరాయి మగవాళ్ళ ముందుకు రాదని, కాగితం సందులోంచి అందిస్తే వేలిముద్ర వేస్తుందని చెప్పింది ఎస్తేరు. మేనేజరు తల అడ్డంగా ఊపారు. వేలిముద్రలు మద్రాసులో ఒప్పుకోరట. చేత్తో రాసిన సంతకమే కావాలట. "మీకు రాయడం వచ్చా అమ్మా?"

ఎస్తేరుకు వచ్చు. బైబిలు చదవడానికి నేర్చుకుంది. తెలుగులో మెల్లగా, ఒక్కో అక్షరం కుదురుగా రాస్తుంది.

"అయితే మీ పేరే రాసేయండి. పని అయిపోతుంది."

ఆమె కలం పట్టుకుని కింద కూర్చుంది. ఇశ్రాయేలు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపులో చిన్న గర్వం ఉంది, పెళ్ళాం పేరున రెండు బోర్డులూ! ఎస్తేరు అది విన్నది. తలెత్తి చూస్తే పీర్ సాహెబ్ తన షెడ్డు మీది వాడిన బంతిపూల దండ వంక చూస్తున్నాడు. నాపరాళ్ళ సందులోంచి గుల్జార్ కన్ను ఒకటి ఇటే చూస్తోంది.

ఎస్తేరు అని రాస్తే మూడక్షరాలు, అంతే పని. ఈ పూట అందరూ చేతులు కలుపుతారు. రేపు ఇశ్రాయేలు పుల్లమ్మ హోటల్లో కూర్చుని ఒక మాట అంటాడు. ఎల్లుండి జక్కయ్య బండి గోడకు అవతలి వైపు వచ్చి ఆగుతుంది. అందులో ఎక్కేది అక్క.

"రాయండమ్మా," అన్నారు మేనేజరు.

ఎస్తేరు రాసింది. నాలుక పంటి మధ్య పెట్టుకుని, చెమట పడుతుండగా, మూడక్షరాలకు పట్టే సేపు కన్నా ఎక్కువ సేపు రాసింది. పక్కన నిలబడ్డ సుందరి వంగి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

మేనేజరు కాగితం ఎత్తి చదివారు. "గుల్జార్ బేగం. మీరేనా?"

ఎస్తేరు నొసట బొట్టు లేదు. ఆమె ముఖం చూసి ఏ మతమో చెప్పగల మొనగాడు గుంటూరులో పుట్టలేదు.

"నేనే," అంది ఎస్తేరు, కళ్ళల్లోకి చూస్తూ.

రాళ్ళ వెనక ఏదో ఇత్తడి గిన్నె కింద పడి దొర్లింది. పీర్ సాహెబ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇశ్రాయేలు పెళ్ళాం వంక చూశాడు. తిట్టబోయినవాడు తిట్టలేదు. ఇరవై ఏళ్ళుగా తన ఇంట్లోనే ఉన్న ఈ మనిషిని ఇవాళే చూసినట్టు చూశాడు.

మేనేజరు సంతకం మీద అద్దుడు కాగితం ఒత్తి, ఫారం రెండో పేజీ తిప్పారు.

"సంతోషం గుల్జార్ బేగం గారూ. ఇంకొక్కటే మిగిలింది. ఇక్కడ భర్త పేరు రాసి ఆయన చేత కూడా సాక్షి సంతకం పెట్టించాలి." ఆయన కళ్ళజోడు సర్దుకుని మేస్త్రీలిద్దరి వైపూ తిరిగారు. "వీళ్ళిద్దరిలో మీ ఆయన ఎవరమ్మా?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.